మూడో హప్తా

"జర ఊర్మిళాబెన్‌తోని నువ్వు మాట్లాడు" అంటూ ఉమాకాంత్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. నా రెండు చేతులూ జొన్నపిండిలో ఉన్నాయి. పెనం కాలుతోంది. చేతులు కడుక్కోనియ్యి అంటే, "మాట్లాడేది నోటితోని కదనే, చేతులెందుకు?" అని నవ్వాడు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తమ్మ కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"టైల్స్ రేపు దిగుతయని చెప్పు. మూడో హప్తా పైసలు ఇయ్యాల్నే పంపమను."

"ఆర్డర్ ఇచ్చినవా?"

"పైసలొస్తే ఇస్త."

ఇదీ మా ఆయన కాంట్రాక్టు. పాత ఇళ్లలో వంటిళ్లు, బాత్రూంలు కొత్తగా చేసిస్తాడు. కార్డు మీద ఆయన పేరొక్కటే ఉంటుంది. పెళ్లయ్యాక తల్లిని వెంటబెట్టుకుని సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చాడు, హిందీ ఏదో నెట్టుకొస్తాడు గానీ గుజరాతీలో రెండు మాటలు దాటితే తడబడతాడు. నేను ఈ ఊళ్లోనే, లింబాయత్‌లో పుట్టాను, గుజరాతీ బళ్లో చదివాను. అందుకని పని చేయించుకునే పార్టీలతో మాట్లాడేది నేను. కోపంగా ఉన్నవాళ్లను చల్లబరిచేది నేను, లారీ దారిలో ఉందనేది నేను. మేస్త్రి అత్తను ఇప్పటికి ఎన్నిసార్లు చంపానో నాకే గుర్తులేదు, పాపం ఆవిడ నిక్షేపంగా ఉంది. వంట, బట్టలు, పిల్లదాని బడి, వీటి మధ్యలో పొద్దుటినుంచి రాత్రిదాకా ఇదే వాగుడు. ఒకసారి నెలకింత అని నాకూ ఇవ్వమంటే అత్తమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఫోన్ల ముచ్చట పెట్టుడు గూడ పనేనా? గట్లయితే నేను గూడ చేస్త." మరి చెయ్యి అత్తమ్మా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇట్లాంటివి ఎన్ని మింగానో.

మొదటి హప్తా చేతికొచ్చిన రోజే పార్టీ వంటిల్లు కొట్టెయ్యాలంటాడు ఉమాకాంత్. వంటగట్టు పగిలాక ఆ ఇల్లాలు ఇంకో కాంట్రాక్టర్ని వెతుక్కోదట, ఎంత ఆలస్యమైనా మన కాళ్లే పట్టుకుంటుందట. ఈ రహస్యాన్ని ఏదో పెద్ద చదువు చదివినట్టు చెప్పుకుంటాడు. కొత్త పార్టీ డబ్బుతో పాత పార్టీ పని పూర్తవుతుంది. ఊర్మిళాబెన్ రెండో హప్తా కూడా అట్లాగే ఎవరిదో బాత్రూంలోకి పోయింది. ఆమె ఉండేది ఊరి చివర కామ్‌రేజ్‌లో. భర్త లేడు, టిఫిన్ డబ్బాలు పంపి బతుకుతుంది. "నవరాత్రికల్లా కొత్త గట్టు మీద వండుకుంటారు, బెన్" అని నేనే చెప్పాను. నవరాత్రి వెళ్లిపోయింది. దీపావళి కూడా వచ్చేస్తోంది.

చేతులు కడుక్కున్నాను. ఉమాకాంత్ ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. ఆమె తిడితే బాగుండుననుకున్నాను. తిట్టలేదు.

"సంధ్యాబెన్, ఇవాళ ఇంకో ఇద్దరు డబ్బాలు మానేశారు. బాల్కనీలో స్టవ్ పెట్టుకున్నాను, గాలికి మంట నిలవడం లేదు. గిన్నెలు బాత్రూంలో తోముతున్నాను. హప్తా ఇవ్వద్దని మా అన్నయ్య అంటున్నాడు. నేను మీ ఆయన్ని చూసి గోడ కొట్టనివ్వలేదమ్మా, నీ మాట నమ్మి కొట్టనిచ్చాను. నువ్వే చెప్పు, పంపించనా?"

ఉమాకాంత్ చెప్పు చెప్పు అని చేత్తో సైగ చేస్తున్నాడు. పెనం మాడు వాసన కొడుతోంది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది. ఈయన అబద్ధం ఈయన ఆడితే ఎవరూ నమ్మరు, అందుకే నా నోరు కావాలి. ఇన్నేళ్లూ నా నోటితో ఇంకో ఆడదాని పొయ్యి ఆర్పిస్తున్నాడు.

"పంపకండి బెన్" అన్నాను గుజరాతీలో. "టైల్స్‌కి ఇంకా ఆర్డరే ఇవ్వలేదు. రేపు మీరూ నేనూ కలిసి దుకాణానికి వెళ్దాం. డబ్బు మా చేతికి ఇవ్వద్దు, అక్కడే కట్టండి. సరుకు మీ గుమ్మంలో దిగాక మేస్త్రిని నేను తీసుకొస్తాను."

ఆమె "సరేనమ్మా, పొద్దున్నే రా" అని పెట్టేసింది.

ఆ మాత్రం గుజరాతీ ఉమాకాంత్‌కి అర్థమైంది. "దిమాక్ ఖరాబైందా నీకు? గది నా పార్టీ! మేస్త్రికి శనివారం పగార్ యాడికెల్లి ఇయ్యాలె?"

"మొగని మాట కాదంటవానే?" అని అత్తమ్మ అందుకుంది.

శనివారం సంగతి నాకు మాత్రం తెలియదా? భయంగానే ఉంది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఇంతలో మళ్లీ ఫోన్ మోగింది. హారతీబెన్, ఇంకో పార్టీ, ఆమె వంటిల్లు కొట్టి వారమైంది. ఉమాకాంత్ తిట్టడం ఆపి ఫోన్ నాకే చాపాడు. నేను పుచ్చుకోలేదు.

"నువ్వే మాట్లాడు."

"నాకు గుజరాతీ రాదని ఎర్కనే గదనే!"

"గుజరాతీ అబద్ధానికి కావాలె" అన్నాను. "నిజం చెప్పనీకి నీకొచ్చిన హిందీ చాలు."