వినిపించిన పిలుపు

అత్తయ్య పిలిచినప్పుడు గిన్నెలు తోముతున్నానని అందరికీ చెప్పాను. కుళాయి చప్పుడులో వినపడలేదన్నాను. అందరూ నమ్మారు. నేను గిన్నెల దగ్గర ఉన్నానంటే మా ఇంట్లో నమ్మనివాళ్లెవరు?

నిజానికి కుళాయి కట్టేసి ఉంది. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి పిట్టను చూస్తున్నాను.

చలి మొదలయ్యాక మా ఇంటి వెనక కాలువగట్టుకి కొత్త పిట్టలు వస్తాయి. పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు, పోయినేడాది చలికాలంలో, మొదటిసారి వాటిని గమనించాను. బూడిదరంగు వీపు, పసుప్పచ్చ పొట్ట, ఎక్కడ వాలినా తోక ఊపడం మానని పిట్ట ఒకటి. మెడే లేనట్టు ముడుచుకు కూర్చుని ఉన్నట్టుండి నీళ్లలోకి దూకే నీలంరంగుది ఒకటి. పేర్లు తెలియవు. పాత డైరీలో తేదీ వేసి, రంగూ నడకా రాసుకునేదాన్ని. ఓసారి ఆయన ఆ డైరీ తిరగేసి, "పిట్టలకి హాజరు వేస్తున్నావా? నా చొక్కా గుండీ ఊడి వారమైంది, అది మాత్రం నీ కంటికి ఆనలేదు" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పూటే గుండీ కుట్టాను. డైరీ డబ్బాల వెనక్కి చేరింది.

పొద్దున పాలు కాచాక, ఆయన స్నానానికి లేచేలోపు ఓ పది నిమిషాలు నావి. ఆ రోజు మంచు పట్టిన గట్టు మీదికి ఎప్పుడూ చూడని పిట్ట వచ్చింది. పిడికెడైనా లేదు. గొంతు కింద నిప్పుకణికలాంటి ఎరుపు. "అమ్మాయ్, ఒకసారి ఇటు రామ్మా" అని తన గదిలోంచి అత్తయ్య పిలిచింది. మోకాళ్లు పనిచేయవు ఆవిడకి, ఎవరైనా పట్టుకోకపోతే నడవడం కష్టం. స్పష్టంగా వినపడింది నాకు. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అనుకున్నాను. రెండో పిలుపు రాలేదు. హమ్మయ్య అనుకున్నాను కూడా. కాసేపటికి స్నానాలగదిలో పెద్ద చప్పుడు.

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. అత్తయ్య చేతిని పలక మీద ఆనించింది నేనే. వేళ్లు విప్పమంటే పెదవి కొరుక్కుంటూ విప్పింది. తెర మీద మణికట్టు ఎముక రెండుగా కనబడింది. రోజుకి నలభై మంది ఎముకలు చూసేదాన్ని, ఆ ఒక్కదాన్ని చూడలేక తల తిప్పుకున్నాను. "ఇంట్లో మనిషి ఉండి కూడా ఇలా జరిగిందంటే ఏమనాలి?" అన్నారు ఆయన, డాక్టరు ముందే. "చెవుల్లో ఏం పెట్టుకున్నావు వదినా?" అని ఫోనులో ఆడపడుచు. కుళాయి కథ చెప్పాను.

మూడు వారాలు కిటికీ తెర తీయలేదు. అన్నం తినిపించాను, స్నానం చేయించాను, పిలవకముందే పరిగెత్తాను. ఏం చేసినా ఆవిడ "ఎందుకే అంత హడావిడి" అనేది. ఆ మెత్తని మాట నన్ను కోసేది.

ఓ ఆదివారం మధ్యాహ్నం తల దువ్వుతూ, ఆవిడ ముఖం నాకు కనబడదు కదా అనే ధైర్యంతో చెప్పేశాను. "అత్తయ్యా, ఆ రోజు కుళాయి కట్టేసే ఉంది. మీరు పిలవడం వినపడింది."

"తెలుసే."

దువ్వెన ఆగిపోయింది.

"గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చాను. నీ చేతిలో గరిటె లేదు, చీపురు లేదు. ఊరికే నిలబడి ఉన్నావు. నా కాపురంలో నేనెన్నడూ అలా నిలబడలేదమ్మా. మళ్లీ పిలవబుద్ధి కాలేదు. నేనే వెళ్లొస్తాలే అనుకున్నాను."

తిట్టినా బావుండేది. కళ్లు తుడుచుకుని, "హాల్లో ఆయన ఉన్నారుగా, చెప్పలేకపోయారా?" అన్నాను.

"వాడి పక్కనుంచే కదా వచ్చాను. స్నానాలగదికి వెళ్లాలిరా అన్నాను. 'అది వంటింట్లో ఉంది, పిలువు' అన్నాడు, పేపర్లోంచి తలెత్తకుండానే." మళ్లీ తనే, "అలా పెంచింది నేనేగా" అంది.

నా తప్పు దీనితో ఇసుమంతైనా తగ్గలేదు. కానీ మూడు వారాలుగా ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనా తనని తాను ప్రశ్నించుకోలేదు.

జడ పూర్తిచేసి హాల్లోకి వెళ్లాను. టీవీ కట్టేశాను.

"ఆ రోజు అత్తయ్య పిలవడం నాకు వినపడింది. వెళ్లలేదు. అబద్ధం చెప్పాను."

ఆయన ముఖం ఎర్రబడింది. "అంటే ఇన్నాళ్లూ..."

"నా వంతు చెప్పేశాను" అన్నాను, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ఇప్పుడు మీ వంతు చెప్పండి."