మూడో మడిలో రేసు

ఆదివారం మధ్యాహ్నం నాలుగున్నర దాటితే నౌపడ ఉప్పు మళ్ళలో పని నెమ్మదించేది. ఐదింటికల్లా ఉప్పు లాగే పలకలు గట్టు మీదికి చేరేవి. ఆడవాళ్ళు తలగుడ్డలు విప్పి, పిక్కల మీద తెల్లగా పేరుకున్న ఉప్పుని మంచినీళ్ళతో కడుక్కుని, సూరయ్య మూడో మడి వైపు నడిచేవారు. పడమటి గట్టు మీదే కూర్చోవాలి. అప్పుడు పొద్దు వీపు వెనక ఉంటుంది, నీళ్ళ మెరుపు కళ్ళలో కొట్టదు. ముందొచ్చినవాళ్ళది మధ్య చోటు. ఆలస్యమైనవాళ్ళు మూలల్లో సర్దుకోవాలి. మూల నుంచి చూస్తే మలుపులు సరిగ్గా కనిపించవని ప్రతిసారీ ఒక గొడవ ఉండేది.

ఐదున్నరకి మడిలో బళ్ళు వచ్చేవి.

ఇది రెండు వేల పదకొండు వేసవిలో మొదలైంది. మూడో మడిలో ఉప్పునీరు చిక్కబడి కదలకుండా నిలిచిన ఒక ఆదివారం, ఆకాశం కనిపించాల్సిన చోట నల్లటి తారురోడ్డు కనిపించింది. రోడ్డుకి రెండు పక్కలా పచ్చగడ్డి. దాని మీద రంగురంగుల మోటారు సైకిళ్ళు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. దూరంగా ఉన్నప్పుడు చీమలంత, దగ్గరకొస్తే మనిషి మనిషంత. చప్పుడు మాత్రం లేదు. ముప్పావు గంట అలా తిరిగి, ఒకడు గెలిచి, సీసా ఊపి అందరి మీదా నురగ చిమ్మాక బొమ్మ చెదిరిపోయి మళ్ళీ మబ్బులు వచ్చాయి.

పక్క మడిలో పని చేసే తవిటమ్మ అప్పటిదాకా నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "బాగున్నాది. మళ్ళీ ఎప్పుడంట?" అని అడిగింది.

ఆ సంగతి స్టేషన్‌లో టికెట్లిచ్చే రమేష్‌బాబు తేల్చాడు. అతను టెక్కలి నుంచి వచ్చి వెళ్ళే మనిషి, పేపర్లో ఆటల పేజీ ముందు చదువుతాడు. ఇది ప్రపంచమంతా తిరిగి ఆడే మోటారు సైకిళ్ళ పోటీ అనీ, ఏడాదికి పద్దెనిమిది రేసులనీ చెప్పి, తేదీలు కాగితం మీద రాసి ఇచ్చాడు. ఆ తేదీల్లో మూడో మడిలో ఎవరూ పలక పెట్టకూడదని అందరూ అనుకున్నారు. మొదటి ఏడు ఒక కుక్క పిచ్చుకని తరుముతూ మడిలో దిగితే నీళ్ళు బురదై, వానలు పడి మడి మళ్ళీ కట్టేదాకా బొమ్మ రాలేదు. అప్పటి నుంచి రేసు ఉన్న రోజు ఆ నీళ్ళలో ఎవరూ వేలు కూడా ముంచలేదు.

రౌతుల పేర్లు ఎవరికీ నోరు తిరగలేదు. అందుకని తమ పేర్లు పెట్టుకున్నారు. బెర్తోలీ అని ఒక ఇటలీ వాడు ఉండేవాడు. ముప్పై ఏడేళ్ళు, తొమ్మిదో నంబరు బండి. కుర్రాళ్ళందరికంటే ముందు నుంచీ తోలుతున్నాడని వాడికి పెద్దోడని పేరు. ఇంకొకడు ఇరవై రెండేళ్ళ వాడు, మలుపులో వెనక చక్రం జారనిచ్చి అడ్డంగా పోయేవాడు. వాడు పీతగాడు. ఊరు రెండుగా చీలింది. పెద్దోడి జట్టుకి సూరయ్య పెద్ద. పీతగాడి జట్టుకి తవిటమ్మ. ఒక సోమవారం ఓడిన జట్టు గెలిచిన జట్టుకి ఉప్పు గంపలు నెత్తికెత్తలేదు. మధ్యాహ్నానికి అందరికీ మెడలు నొప్పెట్టి రాజీపడ్డారు.

సూరయ్యకి అరవై నాలుగేళ్ళు. వయసులో ఉండగా రాజ్‌దూత్ బండి మీద పర్లాకిమిడి దాకా ఉప్పు బేరాలకి తిరిగినవాడు. మొదటి రెండేళ్ళూ రేసు తన కళ్ళతోనే చూశాడు. చూస్తున్నంతసేపూ అతని కుడి మణికట్టు యాక్సిలరేటర్ తిప్పుతున్నట్టు మెలితిరుగుతూ ఉండేది. నలభై ఏళ్ళు తెల్లటి ఉప్పు మీద ఎండలో పని చేసిన కళ్ళు మెల్లమెల్లగా మసకబారి, మూడో ఏట పూర్తిగా పోయాయి. శ్రీకాకుళంలో డాక్టరు చూసి, ఇంక చేసేదేం లేదన్నాడు. ఆ మర్నాటి నుంచి సూరయ్య పలక ముట్టలేదు. పొద్దున్నే గట్టు మీదికొచ్చి కూర్చోవడం, పొద్దు వాలాక కోడలు చెయ్యి పట్టుకుని ఇంటికెళ్ళడం. అంతే.

కోడలి పేరు నీలవేణి. మొగుడు ఎల్లాజీ రైల్వే పట్టాల పనికి పోతే మళ్ళ పనంతా ఆమెదే. సూరయ్యకి చూపు పోయాక వచ్చిన మొదటి రేసు రోజు ఆమె మావగారి పక్కన కూర్చుని, చెవిలో మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. పక్కవాళ్ళు విన్నారు. కళ్ళతో చూసినదానికంటే అదే బాగుందనిపించింది.

"గట్టిగా సెప్పవే, మాకూ ఇనపడాల" అని మూలల్లోంచి అరిచారు.

అప్పటి నుంచి ఆ మూగ రేసుకి గొంతు నీలవేణిదే.

"ఇగో దీపాలు ఆరిపోనాయి, లగెత్తినారు! పెద్దోడు మూడో వోడు మావా. పీతగాడు, ఓలమ్మ, లోపలికి దూరిపోనాడు! మోకాలు నేలకి రాసుకుంటన్నాది. మోచెయ్యి కూడా రాసుకుంటన్నాది. నెత్తి మీద గంపతో గుడిసెలోకి వొంగి దూరినట్టు దూరినాడు!"

ఆమె పీతగాడి మనిషి. ఆ సంగతి సూరయ్యకి తెలుసు.

"నీ పీతగాడు ముందుంటే నీ గొంతు లేస్తాది. నా పెద్దోడు ముందుకొస్తే నీకు దగ్గొస్తాది" అనేవాడు.

"నా గొంతు నా ఇష్టం. ఉన్నది ఉన్నట్టు సెప్తన్నానా లేదా?"

"సెప్తన్నావు. అందుకే ఊరుకుంటన్నాను."

రెండు వేల పదహారు జూన్‌లో, వానలకి ముందు ఆఖరి ఆదివారం. తూర్పున సముద్రం మీద మబ్బు కమ్ముతోంది. ఇంక వారం పది రోజుల్లో వానొచ్చి మళ్ళన్నీ నిండిపోతాయి, బొమ్మ మసకబారుతుంది. అందుకని ఆ రోజు గట్టు మీద కాలు పెట్టే చోటు లేదు. రమేష్‌బాబు సాయంత్రం డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి వచ్చాడు. తవిటమ్మ జీడిపప్పు వేయించి మూట కట్టి తెచ్చి, తన జట్టు వాళ్ళకే పంచింది.

కొండల మధ్య ట్రాకు అది. ఒకచోట రోడ్డు మెట్ట ఎక్కి ఒక్కసారిగా దిగుతుంది. ఎక్కేవాడికి అవతల ఏముందో కనిపించదు. ఇరవై మూడు రౌండ్లలో పదహారు అయ్యేసరికి పెద్దోడూ పీతగాడూ మిగిలినవాళ్ళని చాలా వెనక వదిలేసి ఇద్దరే మిగిలారు. ముందు పెద్దోడు. వాడి వెనక చక్రానికి జానెడు దూరంలో పీతగాడు.

"దగ్గు రాలేదేటే ఈయాళ?" అన్నాడు సూరయ్య. ముఖం వెలిగిపోతోంది. కుడి మణికట్టు ఆగకుండా తిరుగుతోంది.

"ఇయ్యాళ నీ వోడిదే మావా. గుంపు ఎక్కడో ఎనక ఉన్నాది. మెట్ట ఎక్కుతన్నాడు, ఎక్కినాడు, దిగ..."

నీలవేణి మాట ఆగిపోయింది.

గట్టు మీద అందరూ ఒక్కసారి "అయ్యో" అన్నారు. పెద్దోడి వెనక చక్రం జారి, బండి వాణ్ణి పైకి విసిరేసింది. నేల మీద పడి, దొర్లి, రోడ్డు నడిమధ్య వెల్లకిలా ఆగాడు. పీతగాడి బండి వాడి భుజం పక్కనుంచి వెంట్రుక వాసిలో తప్పుకుపోయింది. బొమ్మ పీతగాడి వెంట పోకుండా అక్కడే నిలిచిపోయింది. జానెడు నీళ్ళలో, మనిషంత మనిషి, కదలకుండా పడి ఉన్నాడు. మెట్ట అవతల పదిహేను బళ్ళు వస్తున్నాయి. వాటికి వీడు కనిపించడు.

"ఏటయ్యిందే?" అన్నాడు సూరయ్య.

ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది.

"నీలేణీ! ఉన్నది సెప్పు!"

"పడిపోనాడు మావా. రోడ్డు మజ్జిలో ఉన్నాడు. లెగడం లేదు. ఎనకోళ్ళు వచ్చెస్తన్నారు."

సూరయ్య చేతికర్ర పక్కన పడేసి గట్టు దిగి మడిలో కాలు పెట్టాడు.

ఎవరో ఆపబోయారు. తవిటమ్మ ఆ చేతిని వెనక్కి లాగేసింది. ఇంకో ఏడు రౌండ్లలో ఆమె పీతగాడు గెలవబోతున్నాడు, ఆ గెలుపు ఇంక కంటపడదని ఆమెకి తెలుసు.

"ఎల్లు సూరన్నా! ఏగిరం ఎల్లు!" అని అరిచింది.

"ఏ పక్కనే?" సూరయ్య అడిగాడు.

నీలవేణి లేచి నిలబడింది. ఆమె గొంతు రేసు చెప్పే గొంతే, కాని అందులో ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

"తిన్నగా నడు మావా. ఇంకా. ఇంకా. సాలు! ఎడం సేతి పక్కకి రెండడుగులు. ఆగు. వొంగు. నీ కాళ్ళ కాడే ఉన్నాడు."

ఆ మడి అడుగుని సూరయ్య నలభై ఏళ్ళు తన కాళ్ళతోనే తొక్కి గట్టిపరిచాడు. ఎక్కడా తడబడలేదు. వంగి రెండు చేతులూ నీళ్ళలో ముంచాడు. చేతులకి ముందు ఉప్పునీరు తగిలింది, తరవాత తోలు తగిలింది. పెనంలా కాలుతున్న తోలు, దాని కింద ఎగసిపడుతున్న ఒక గుండె. సూరయ్య ఆ మనిషి చంకల కింద చేతులు దూర్చి, వెనక్కి వాలి లాగాడు. తడి ఉప్పు కుప్పని ఎలా లాగుతారో అలా, ఆగకుండా, ఒకే బిగిన.

"ఇంకో రెండడుగులు మావా! గడ్డి అంచుకొచ్చినాడు! ఇంకొక్కటి!"

పెద్దోడి బూట్లు రోడ్డు దాటి పచ్చగడ్డి మీదికి రావడం గట్టు మీద అందరూ చూశారు. మెట్ట మీద మొదటి బండి లేచింది. దాని వెనక మరొకటి, మరొకటి. పదిహేను బళ్ళూ ఖాళీ రోడ్డు మీద దూసుకుపోయాయి. అప్పుడు సూరయ్య పాదాల చుట్టూ లేచిన బురద మెల్లగా పరుచుకుని, రోడ్డుని, గడ్డిని, పడుకున్న మనిషిని కప్పేసింది. మడిలో నల్లటి నీళ్ళు, వాటి మధ్య మోకాళ్ళ మీద కూలబడి ఆయాసపడుతున్న ముసలాయన మిగిలారు.

"బతికినాడా?" అన్నాడు.

ఎవరికీ తెలియదు. ఎవరూ ఇళ్ళకి పోలేదు. తవిటమ్మ మూట విప్పి మిగిలిన జీడిపప్పు రెండు జట్లకీ పంచింది. రమేష్‌బాబు సెల్‌ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం గట్టు వెంట ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. పొద్దు గుంకుతుండగా రైలు కట్ట ఎక్కి, అక్కడి నుంచి చెయ్యి ఊపుతూ దిగొచ్చాడు.

"ఉన్నాడు! భుజం దగ్గర ఎముక విరిగిందట, అంతే! జారుకుంటూ గడ్డి మీదికి పోయాడట, అదృష్టం అని రాశారు!"

"జారుకుంటూనా?" అంది తవిటమ్మ. "రాసినోళ్ళని రమ్మను, ఈయన నడుం సూపిస్తాను. మరి నా వోడు?"

"గెలిచాడు."

"అదీ లెక్క" అని ఆమె చీరకుచ్చెళ్ళు దులుపుకుని ఇంటికి బయల్దేరింది.

మర్నాడు పొద్దున్న సూరయ్య గట్టు మీద కూర్చోలేదు.

"ఆ పలక ఇలాగియ్యి" అన్నాడు కోడలితో.

"ఎందుకు మావా?"

"ఎందుకేటి? వానలొచ్చేలోగా రెండో మడి లాగాల. నిన్న నడిపించినావు గదా, అలాగే సెప్పు."

ఆమె గట్టు మీంచి చెప్పింది, అతను లాగాడు. మొదటి రోజు వరస వంకర పోయింది. మూడో రోజుకి తిన్నగా వచ్చింది. వానలు మొదలయ్యేసరికి "ఎడం" అనీ "సాలు" అనీ తప్ప ఆమె ఇంకేం చెప్పాల్సిన పని లేకపోయింది.

మూడో మడిలో బొమ్మ మళ్ళీ రాలేదు. వానలు తగ్గాక మడి తీసి, కొత్తగా తొక్కి, నీళ్ళు పెట్టి చూశారు. మబ్బులే కనిపించాయి. ఉప్పు మాత్రం బాగా పండింది. రైలు గేటు దగ్గర టీకొట్టు నడిపే ఉమాశంకర్ ఊరి కోసం పెద్ద టీవీ, డిష్షూ పెట్టించాడు. మొదటి రేసు రోజు టీవీలో ఇంగ్లీషు మాటలు రెండు నిమిషాలు విని, తవిటమ్మ లేచి సౌండు ఆపించింది.

"నువ్వు సెప్పవే" అంది నీలవేణితో. ఆమె మావగారి పక్కన బల్ల మీద కూర్చుని అందుకుంది.

జనవరిలో, రేసులు లేని నెలల్లో, రమేష్‌బాబు టీకొట్టుకి ఫోన్ పట్టుకుని వచ్చాడు. భుజం అతుక్కుని పెద్దోడు మళ్ళీ బండెక్కబోతున్నాడట. పేపరువాళ్ళు పోయి మాట్లాడారట. అతను ఒక్కో వాక్యం చదివి తెలుగు చేసి చెప్పాడు.

"ఆ రోజు తనని ఎవరో చంకల్లో చేతులేసి లాగారని అంటున్నాడు. దెబ్బకి అలా అనిపించి ఉంటుందని డాక్టర్లు అన్నారట. కాని తను వేసుకున్న తోలు సూటు మీద, చంకల దగ్గర, రెండు చేతుల అచ్చులు తెల్లగా ఉన్నాయట. ఉప్పు. సముద్రం ఆ ట్రాకుకి చాలా దూరం. ఎవరి చేతులో తెలిసేదాకా కడగనని, ఆ సూటు అలాగే గోడకి తగిలించి ఉంచాడట."

స్టవ్వు మీద టీ పొంగింది. నీలవేణి కొంగుతో కళ్ళు అద్దుకుంది. తవిటమ్మ సూరయ్య చేతుల వంక చూసింది. పగిలి, గట్టిపడి, గీతల్లో ఎప్పటికీ పోని తెలుపు నిండిన చేతులు.

సూరయ్య గ్లాసు కింద పెట్టాడు.

"ఏడు నెలలు అలాగ ఉంచీసినాడా?" అన్నాడు కంగారుగా. "ఎలాగో ఒకలాగ ఆడికి కబురెట్టు బాబూ. ఏగిరం కడిగీమను. ఉప్పు తోలుని తినేస్తాది."