పాటల కంప్యూటర్

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి జోసఫిన్ ఫోన్‌లో ఒక అంకె చూసి స్థిమితపడింది. గంటా ముప్పై రెండు నిమిషాలు మిగిలున్నాయి. పదకొండింటికి ప్రొఫెసర్ ముందు ఆన్‌లైన్‌లో తన ప్రాజెక్టు నడిపి చూపించాలి. అది పాసైతేనే మేలో మాస్టర్స్ డిగ్రీ, డిగ్రీ చేతికొస్తేనే జూన్‌లో ఉద్యోగం.

ఆమె లాప్‌టాప్ నర్సాపురం నుంచి తెచ్చుకున్న ముసలిది. ఆ ప్రాజెక్టు బరువు మోయలేదు. అందుకని పనంతా ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చే క్లౌడ్ టెర్మినల్‌లో చేసుకుంటోంది. బ్రౌజర్‌లో నల్లటి తెర తెరుచుకుంటుంది, అందులో కమాండ్ కొడితే ఎక్కడో ఉన్న పెద్ద మెషీన్ పనిచేసి పెడుతుంది. ఉచితమన్నాక షరతులుండవా? శనివారం మొదలు వారానికి యాభై గంటలే. ఇందాక చూసింది, రాత్రింబవళ్ళు కూర్చుని వాడుకోగా మిగిలిందనుకుంది. పైగా ఇరవై నిమిషాలు ముట్టుకోకపోతే దానంతటదే మూసుకుపోతుంది. ఈ రెండో షరతుకు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూప్‌లో ఎవడో మహానుభావుడు విరుగుడు పెట్టాడు. ఐదు నిమిషాలకోసారి మీట నొక్కినట్టు నటించే చిన్న స్క్రిప్టు. అందరూ వాడారు, ఈమె కూడా వాడింది.

తొమ్మిదీ ఇరవైకి మళ్ళీ చూసింది. గంటా పన్నెండు.

జోసఫిన్ లాప్‌టాప్ మూసే ఉంది, తను ముట్టుకోనే లేదు. గబగబా పాస్‌వర్డ్ మార్చేసింది. ఐదు నిమిషాలాగి చూస్తే గంటా ఏడు. అంతకుముందే తెరిచి ఉన్న టెర్మినల్ పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన తెగదని, దాన్ని తెరిచిన కంప్యూటర్లోనే మూయాలని అప్పుడు గుర్తొచ్చింది. ఇలాగే కరిగితే పదీ ముప్పై రెండుకి సున్నా. ప్రొఫెసర్ని ముందుకు జరపమందామంటే, పదకొండుదాకా ఆయనకు క్లాసు.

పాత పాస్‌వర్డ్ తెలిసింది ఒక్క క్లాస్‌మేట్ అనుష్కకే. కిందటి నెల అనుష్కకి గంటలైపోతే తనే ఇచ్చింది. ఫోన్ చేసింది.

“అనూ, నా అకౌంట్ ఓపెన్ చేసి పెట్టావా?”

“లేదే. ఆ రోజు తర్వాత ముట్టనే లేదు.”

“మరి ఇంకెవరే? నీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఇవాళ నా డెమో అని తెలిసి కూడా ఇంత పని చేస్తావా?”

“గట్లనా? నేను దొంగనా జోస్?” అంది అనుష్క మెల్లగా. “సరే తియ్” అని పెట్టేసింది.

జోసఫిన్ అద్దెకుండేది అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో విమలకుమారి ఆంటీ ఇంట్లో. ఆ అరుపులకి ఆంటీ గరిటె పట్టుకునే వచ్చింది. సంగతంతా విని, “ఆదివారం చర్చిలో పాటల కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో కొట్టుకున్నావుగా, అదీ ఇదేనా?” అంది.

“అదే ఆంటీ. కానీ అంకుల్ దాన్ని ఆపేశారుగా?”

“మీ అంకుల్ ఆపేది తెరొక్కటే తల్లీ. లోపలిది ఆపితే మళ్ళీ ఆదివారం పాటలు రావేమోనని ఆయన భయం. మూడేళ్ళయింది దాన్ని ఆపి.”

జోసఫిన్‌కి విషయం అర్థమైంది. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఆరిన తెర వెనక ఆ స్క్రిప్టు తన గంటల్ని తింటూనే ఉంది. కాపలా పెట్టిన కంచే చేను మేసేసింది.

చర్చి తాళం ఆంటీ భర్త ఏసుపాదం అంకుల్ జేబులో, అంకుల్ ఆఫీసులో. ఆంటీ పొయ్యి కట్టేసి కారు తీసింది, జోసఫిన్ లాప్‌టాప్‌తో సహా ఎక్కింది. రోడ్డు పొడుగునా రిపేర్లు. అంకుల్ పార్కింగ్‌లోనే నిలబడి తాళం ఇస్తూ, “ప్రార్థన చేసుకుని వెళ్ళండమ్మా” అన్నాడు. “దార్లో చేసుకుంటాం లెండి” అని ఆంటీ ఆయన చెయ్యి కారు కిటికీలోంచి తీసీ తియ్యకముందే కారు కదిలించింది.

పదీ ఎనిమిదికి హాలు తలుపు తెరిచారు. మానిటర్ మీట నొక్కగానే ఆదివారం పాడిన ఆఖరి పాట చరణం కనిపించింది. దాని వెనక నల్లటి తెర, ఎవరో మీట నొక్కుతున్నట్టు కదులుతూ. జోసఫిన్ స్క్రిప్టు ఆపింది, తెర మూసింది. ఫోన్‌లో ఇరవై రెండు నిమిషాల దగ్గర అంకె ఆగింది.

ప్రాజెక్టు నడవడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. ఇంటికి పోయే ధైర్యం లేక అక్కడే, మడత కుర్చీల మధ్య లాప్‌టాప్ పెట్టుకుంది. ప్రొఫెసర్ ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. టెర్మినల్ ముందే తెరిచి ఉంచితే అవి కూడా పోయేవి. ఆయన మొదలుపెట్టమన్నాకే టెర్మినల్ తెరిచింది, కమాండ్ కొట్టింది. ఒక్కో లైనూ నింపాదిగా దిగుతుంటే ఫోన్‌లో అంకె వంకే చూస్తూ కూర్చుంది. వెనక వరసలో ఆంటీ కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తోంది. ఫలితాలు వచ్చేసరికి ఆరు నిమిషాలున్నాయి. ఆయన ఒక టెస్టు మళ్ళీ నడపమన్నాడు. నడిపింది. రెండు నిమిషాలు.

“గుడ్. ఐ హ్యావ్ సీన్ ఇనఫ్. యూ పాస్డ్” అన్నాడు.

జోసఫిన్ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. ఆంటీ వచ్చి వీపు నిమిరింది. కాస్త తేరుకుని, ఇంట్లో వాళ్ళకి చెబుదామని డెమో కోసం పొద్దున్నే నోరు నొక్కేసిన వాట్సాప్ తెరిచింది. అనుష్క మెసేజ్ ఉంది. ఎనిమిదీ యాభైకి వచ్చింది, తను ఫోన్ చేసి అరవక ముందు.

‘జోస్, శనివారం నుంచి నా అకౌంట్ ఓపెన్ చేయలే. యాభై గంటలూ అట్లనే ఉన్నయ్. నీకు తక్కువైతే వాడుకో. ఆల్ ది బెస్ట్.’ కింద అనుష్క పాస్‌వర్డ్.

అనుష్క ప్రాజెక్టు గడువు శుక్రవారం. జోసఫిన్‌కి ఆ సంగతి తెలుసు. ‘సారీ’ అని కొట్టింది, చెరిపేసింది, మళ్ళీ కొట్టింది.

ఆంటీ ఆమె భుజం మీంచి చూసి కారు తాళాలు తీసుకుంది.

“ఫోన్‌లో కాదు. ఎక్కడుంటుందా పిల్ల? పద.”