సేటు వంకపెట్టిన డబ్బా

తాండూరు గంజ్‌లో నలభై ఏళ్లు రైతుల పంట కొనే అడ్తి దుకాణం నడిపిన రాజేశం సేటు నోట ‘కావాలి’ అనే మాట ఎవరూ వినలేదు. సరుకు నచ్చినకొద్దీ ఆయన ముఖం ముడుచుకునేది. కందుల బస్తాలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి పిడికెడు తీసి, ఒక గింజ కొరికి, "ఏందిర గివి, సగం మన్నే ఉన్నది" అన్నాడంటే ఆ బస్తా కొన్నట్టే. "మంచిగున్నయి" అని నవ్వాడంటే మాత్రం రైతు బండి మలుపుకోవలసిందే. కొనేవాడు కోరిక బయటపెడితే బేరం చెడుతుందని తండ్రి నేర్పిన విద్య అది. దుకాణం తాళం వేసినప్పుడు దాన్ని కూడా లోపలే పెట్టి తాళం వేసి ఉంటే బాగుండేది. ఆయన దాన్ని వంటింటి దాకా తెచ్చుకున్నాడు.

ఆయన భార్య వసంతమ్మ పెళ్లయిన ఏడాదికే ఈ మతలబు కనిపెట్టింది. "పప్పుల గిన్ని నీళ్లేంది" అంటూ మూడోసారి వడ్డించుకుంటే పప్పు కుదిరినట్టు. "మంచిగున్నది" అని చెయ్యి కడుక్కుంటే ఆ రోజు ఎక్కడో తేడా చేసినట్టు.

డెబ్బై దాటాక నీటికాసులు వచ్చి రాజేశం చూపు పోయింది. అందరూ చీకటి అనుకుంటారు గానీ, ఆయనకు కనిపించేది వేరు. వానాకాలం పొద్దున అనంతగిరి గుట్టల మీద నిలబడినట్టు, ఎటు తిరిగినా పలచని బూడిదరంగు పొగమంచు. అందులోంచి ఎవరో వస్తున్నట్టే ఉంటుంది. ఎవరూ రారు.

మొదట్లో వసంతమ్మ వారపత్రిక తెచ్చి, పక్కన కూర్చుని కథలు చదివింది. ఆమెది ఏడో తరగతి చదువు. ఒత్తుల దగ్గర ఆగి, కూడబలుక్కుని, వేలు పెట్టి చదువుతుంటే ఆయనకు ప్రాణం హాయిగా ఉండేది. అలవాటు కొద్దీ, "ఎడ్లబండి రాళ్లల్ల వోయినట్టున్నది నీ చదువు" అన్నాడు. పప్పు సంగతిలో అంత తెలివైన ఇల్లాలు ఈ మాటను మాత్రం ఉన్నదున్నట్టు నమ్మింది. తన చదువు మీద ఆమెకు ముందునుంచే అనుమానం. పత్రిక మూసి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ తెరవలేదు. రాజేశం వెనక్కి పిలవలేదు.

కోడలు నిఖిల రోజూ పాసింజరు బండిలో వికారాబాద్ వెళ్లి ఆఫీసులో పనిచేసి వస్తుంది. చూపులేని వాళ్లకు పుస్తకాలు చదివి వినిపించే పరికరాలు ఇచ్చే చిన్న కేంద్రం ఒకటి అక్కడ ఉందని ఆమే కనుక్కుంది. నడిపేది సింధుజ అనే అమ్మాయి. ఆమెకూ చూపు లేదు. అక్కడి పద్ధతి ప్రకారం మూడు రకాల పరికరాలు ఒక్కొక్కటే పదిహేను రోజులు ఇంటికి ఇస్తారు. వాడి చూసి ఎట్లా ఉన్నాయో చెబితే, నచ్చినదాన్ని వాడుకోవడానికి ఇచ్చేస్తారు.

మొదట వచ్చింది ఫోను. అద్దంలా నున్నగా ఉండి, వేలు కొంచెం జారితే ఎటో పోయేది. పుస్తకం తెరవబోయి రాజేశం ఒకే మధ్యాహ్నం ముగ్గురు పాత దోస్తులకు, ఒక ఎరువుల దుకాణానికి ఫోన్లు కలిపాడు. "మంచిగున్నది" అని తిప్పి పంపాడు. రెండోది కళ్లజోడుకు తగిలించే కెమెరా. ఎదురుగా పట్టుకున్న కాగితాన్ని చదివి చెవిలో చెబుతుంది. తల కాస్త పక్కకు తిరిగితే పుస్తకం వదిలేసి గోడమీది క్యాలెండరు, పసుపు పొట్లం మీది అక్షరాలు అందుకునేది. వసంతమ్మ చీర మీద ఏమీ రాసి లేదు గనుక ఆమె బతికిపోయింది. అదీ "మస్తుగున్నది" అనిపించుకుని వెళ్లిపోయింది.

మూడోది డబ్బా. అరచేతికంటే కాస్త పెద్దది. పైన ఉబ్బెత్తు మీటలు, ఒక్కో మీట ఒక్కో ఆకారం. నడుమ గుండ్రటిది నొక్కితే చదువుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. పుస్తకాలన్నీ లోపల గోరంత చిప్పులోనే ఉంటాయి గనుక నెట్‌తో పని లేదు. రాజేశం దాన్ని కందుల బస్తాను చూసినట్టే చూశాడు. పైపొర చూసి కొనేవాడు వ్యాపారే కాదు కదా. మొదటి పేజీ జోలికి పోకుండా, బాణం మీట నొక్కుకుంటూ పోయి, పుస్తకం నడిమధ్యలో ఆపి విన్నాడు.

"పడవవాడు తెడ్డు వేయడం ఆపాడు," అంది డబ్బా. ఆడో మగో తేలని మర గొంతు. "ఎటు చూసినా పొగమంచే. ఎవరో వస్తున్నట్టుంది. ఎవరూ రాలేదు."

రాజేశం లేచి నిటారుగా కూర్చున్నాడు. తన లోపలి సంగతి ఈ డబ్బాకు ఎవరు చెప్పారు? వెంటనే వెనక్కి పోయి మొదటినుంచి అందుకున్నాడు. తిరిగిరాని తమ్ముణ్ని వెతుక్కుంటూ ఒంటరిగా సముద్రం మీదికి పోయిన అన్న కథ అది.

రాజేశం పుట్టిన తర్వాత సముద్రం చూసింది లేదు. ఆయనకు తెలిసిన అలల చప్పుడు ఒక్కటే, బస్తాలు కుమ్మరిస్తే కందులు రాశి మీదినుంచి జారే చప్పుడు. అదే చాలింది. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే నడవలో చాప వేసుకుని డబ్బాను ఛాతీ మీద పెట్టుకునేవాడు. కింద చల్లటి తాండూరు బండలు. ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేదని గనుల దగ్గర ఎవరో చెప్పగా విన్నాడు. అప్పుడు నమ్మలేదు. ఇప్పుడు అరచేయి ఆనిస్తే బండలో సన్నటి అలల గీతలు తగిలేవి. కాసేపటికి అవి కదిలేవి. నీళ్లు నెమ్మదిగా గడప దాటి వచ్చేవి. గంజ్‌లోని బస్తాలన్నీ బాతుల్లా తేలుతూ పోయేవి. తరాజు పట్టుకుని తండ్రి పడవలో వెళ్తూ, "ఏమంటున్నవురా, కొంటవా?" అని అడిగేవాడు. వసంతమ్మ చాయ్ గ్లాసుతో నీళ్ల మీద నడిచి వచ్చేది, పాదాలు తడిసేవి కావు.

పావుగంట మీటలు ముట్టకపోతే డబ్బా తనంతట తనే ఆగిపోయేది. ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకునేది. రాజేశం నిద్రలేచి మళ్లీ వింటే కథలో గంజ్ ఉండేది కాదు, నాన్న ఉండేవాడు కాదు. అంత ముఖ్యమైన సంగతులు రాసినాయన ఎందుకు వదిలేశాడా అని ఆయనకు కొంచెం కోపం కూడా వచ్చేది. చూపు పోయిన తర్వాత మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఆయన ఎదురుచూసింది ఆ పదిహేను రోజులే.

చివరి రోజున మధ్యాహ్నం దాకా ఆగలేక పొద్దున్నే డబ్బా అందుకున్నాడు. పొగమంచులో పడవవాడికి దూరంగా ఒక దీపం కనిపించింది. అది ఎవరిదో తెలిసేలోపే నిఖిల వచ్చింది.

"మామయ్యా, గడువైపోయింది. డబ్బా ఇయ్యాల తిరిగి ఇచ్చెయ్యాలె. ఎట్లున్నదో చెప్తే మెసేజ్ పెడ్త."

రాజేశం ముఖం ముడుచుకున్నాడు. లోపల మాత్రం పొంగిపోతున్నాడు.

"ఏం డబ్బానమ్మా గిది! గొంతు జూస్తే జలుబు జేసిన పంతులు. మీటలు జూస్తే పప్పుమిల్లు స్విచ్చులు. గింత బరువు ఎవలు మోస్తరు?"

ఇంత గట్టిగా వంకపెట్టాక ఏ తెలివిగలవాడికైనా అర్థం కాకపోతుందా, సాయంత్రానికి డబ్బా తిరిగి రాకపోతుందా అనుకున్నాడు. బండి తప్పిపోతుందనే తొందరలో నిఖిల డబ్బా తీసుకుని, ఆయన అన్నది అన్నట్టే మెసేజ్ కొట్టి పంపింది. వికారాబాద్‌లో సింధుజకు ఆ మెసేజ్ చదివి పెట్టింది ఆమె ఫోను. ఫోను మాటలు చదువుతుంది గానీ, మీసాల చాటు నవ్వు దానికేం తెలుసు?

వారం గడిచింది. నడవలో బండలు బండల్లాగే ఉండిపోయాయి. ఎంతసేపు పడుకున్నా నీళ్లు రాలేదు. ఎనిమిదో రోజు నిఖిల వచ్చి చెప్పింది.

"సింధుజ ఫోన్ జేసింది మామయ్యా. మీకు నచ్చలేదన్నరు గదా, గా డబ్బా బొంరాస్‌పేట దిక్కు ఆయనకెవలికో ఇచ్చేసిందట. ఇంకోటి ఎప్పుడొస్తదో తెల్వదట. మీరు మెచ్చుకున్న ఫోను పంపిస్తనంటున్నది."

ఆ పూట రాజేశం పప్పు మంచిగున్నదన్నాడు, కూర మంచిగున్నదన్నాడు, సగం అన్నం వదిలేసి లేచాడు. వసంతమ్మ ఎంగిలి కంచం చేత్తో పట్టుకునే ఆయన వెంట వచ్చింది.

"గా డబ్బా నచ్చింది గదా మీకు? నోరు తెర్సి చెప్తే ముత్యాలు రాల్తయా? రేపు పొద్దుటి బండికి పోదాం పాండ్రి."

కేంద్రం ఒక పాత ఇంటి ముందుగది. అడుగుపెట్టగానే రాజేశానికి గొంగడి వాసన తగిలింది. ఆ వెంటనే జలుబు చేసిన పంతులు గొంతు వినిపించింది. ఎవరి ఒళ్లోనో కూర్చుని చదువుతోంది. ఆయన గుండె ఒక్కసారి ఆ పక్కకు లాగింది.

వసంతమ్మ వచ్చిన పని చెప్పేసరికి సింధుజ నొచ్చుకుంది. "అంకుల్, మీ మెసేజ్ రెండుసార్లు విన్న. గొంతు బాలేదు, మీటలు బాలేవు, బరువున్నది అన్నరు. ఒక్క మంచి మాట గూడ లేదు."

"నేనన్నవి గవే," అన్నాడు రాజేశం.

మూలన చదువుతున్న గొంతు ఆగింది. ఒక ముసలాయన పగలబడి నవ్వాడు.

"రాజేశం సేటు గాదూ! గొంతు గుర్తువట్టిన. నేను సేటూ, బొంరాస్‌పేట గొర్ల హన్మయ్యను. ఇరవై ఏండ్లు నీ దుకాణంలనే గద కందులు వోసిన. ఇప్పుడు నాకూ కండ్లు లేవు."

తర్వాత సింధుజ వైపు తిరిగాడు. "సేటు వంకవెట్టిండంటే నచ్చినట్టు బిడ్డా. ‘ఏందిర గీ మన్ను’ అన్నడంటే నా పెండ్లాం కొండమ్మ నా చెయ్యి గిల్లుతుండె, అమ్ముడువోయినయని. మంచిగున్నయి అంటెనే మాకు గుండె జారుతుండె."

"నిజమా అంకుల్?" అంది సింధుజ. "మీకు అది కావాలా?"

ఒక్క మాటే కదా, అనడానికి అంత కష్టమేమిటని మీకు అనిపించవచ్చు. గంజ్‌లో నలభై ఏళ్లు కూర్చుని చూడండి, తెలుస్తుంది. రాజేశం రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"కావాలె," అన్నాడు. "మస్తు కావాలె బిడ్డా. గది లేక నాకు పొద్దు వోతలేదు."

పక్కన వసంతమ్మ గాజుల చప్పుడు ఆగిపోయింది.

"ఇగో సేటూ, తీస్కో," అని హన్మయ్య లేచి వచ్చి డబ్బా చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది. మీటల సందుల్లో ఉన్ని పోగులు వేళ్లకు తగిలాయి. "చార్జింగు వైరు గొర్రె కొరికింది, కొత్తది అడుగుదామని నేనూ ఇయ్యాలనే వచ్చిన."

"నువ్వు ఏడ గూసోని వింటవు హన్మయ్యా?"

"గుట్ట మీద. కొడుకు గొర్లను మేపుతడు, నేను పొద్దంత బండ మీద గూసుంట. ఆడ ఫోనుకు సిగ్నలుండది, మాట్లాడెటోడుండడు. గిది చదువుతుంటే గొర్లు గూడ వచ్చి నా సుట్టు పండుకుంటయి సేటూ, ఒట్టు!"

"దీపం కాడికొచ్చినవా?"

"దాటిన. చెప్పాల్నా, గది ఎవలదో?"

"వద్దు, వద్దు!" అని రాజేశం గాబరాగా చెయ్యి అడ్డం పెట్టాడు. సింధుజ నవ్వింది.

రాజేశం బొటనవేలు గుండ్రటి మీట మీద ఆగింది. నొక్కలేదు. ఆయన పొగమంచులోకి ఒక గుట్ట వచ్చింది. దాని మీద ఒక ముసలాయన, చుట్టూ నురగలా తెల్లగా గొర్రెలు. ముసలాయన పక్కన తడుముకుంటున్నాడు, చేతికి బండ తప్ప ఏమీ తగలడం లేదు. ఆ తడుములాట ఎలా ఉంటుందో రాజేశానికి ఈ వారం రోజుల్లో బాగా తెలిసింది. తనకు ఇల్లుంది, మనుషులున్నారు. హన్మయ్య చెయ్యి వెతికి పట్టుకుని డబ్బా అందులో పెట్టాడు.

"మంచిగున్నది హన్మయ్యా," అన్నాడు. "మంచి సరుకు."

హన్మయ్య నవ్వు ఆగిపోయింది. ఆ మాటకు ఎన్నోసార్లు బండి మలుపుకున్న మనిషికి అర్థం కాకపోవడం ఉండదు. "సేటూ..." అని మాత్రం అన్నాడు. డబ్బాను రెండు చేతులతో గొంగడి లోపలికి తీసుకున్నాడు.

"ఇంకోటి రాగానే మీదే అంకుల్," అంది సింధుజ. "ఈసారి ఏమని రాసుకోవాలె?"

"కావాలె అని రాస్కో. గంతే."

సింధుజ అలమార తడిమి ఒక పుస్తకం తీసింది. డబ్బాలోకి ఎక్కించిన ఆ కథకు అచ్చు ప్రతి అది. ఇంట్లో చదివేవాళ్లు ఎవరన్నా ఉంటే అప్పటిదాకా చదివించుకోమంది. వసంతమ్మ దాన్ని సంచిలో వేసుకుంది.

తిరుగుబండి ఖాళీగా ఉంది. ధారూర్ దాటాక కిటికీలోంచి వాన వాసన వచ్చింది. రైలు పెట్టె అటూ ఇటూ ఊగుతుంటే రాజేశానికి కింద నీళ్లున్నట్టే తోచింది.

"పుస్తకం తియ్యి," అన్నాడు. "దీపం కాడినుంచి."

"నా చదువు ఎడ్లబండి గదా."

"తియ్యి వసంతా."

కాగితాలు తిప్పిన చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత ఆమె చదవడం మొదలుపెట్టింది. ఒత్తుల దగ్గర ఆగింది. ఒక వరసను రెండుసార్లు చదివింది. పడవవాడు తెడ్డు అందుకున్నాడు, దీపం కొంచెం దగ్గరికి జరిగింది. రాజేశం లోపలి పొగమంచు పలచబడి, అందులోంచి ఎవరో నిజంగానే వస్తున్నట్టనిపించింది. రుక్మాపూర్‌లో బండి ఆగింది. వసంతమ్మ కూడా ఆగింది.

"ఎట్లున్నది?" అంది, వినపడీ వినపడనట్టు.

నాలుక చివరికి ఎడ్లబండి మళ్లీ వచ్చింది. రాజేశం దాన్ని మింగేశాడు.

"మంచిగున్నది," అన్నాడు.

వసంతమ్మ నిట్టూర్పు వినిపించింది. "సరే తియ్యండి. ఇంటికి వోయినంక నిఖిల చదువుతది."

పుస్తకం మూయబోతోందని తెలిసి రాజేశం గబుక్కున చెయ్యి చాచాడు. ఆయన వేళ్లు కాగితాల నడుమ ఇరుక్కున్నాయి.

"మూయకు," అన్నాడు. "నాకు నీ చదువే కావాలె."

బండి కదిలింది. వసంతమ్మ ఆయన వేళ్లను మెల్లగా పక్కకు జరిపి, వరస వెతుక్కుని, ఒత్తు దగ్గర ఆగుతూ మళ్లీ అందుకుంది.