జీవన్ లేచి చెప్పిన మాట

నాచారం ఫ్యాక్టరీలో వెల్డర్ పని పోయాక జీవన్‌ను రోజూ పలకరించింది ఫోన్‌లోని ఒక గ్రూపే. "నువ్వు పులివి తమ్మీ" అనేవాళ్లు. కొడుకు మళ్లీ నవ్వుతున్నాడని తల్లి సత్తమ్మ సంబరపడింది గానీ, ఎందుకో అడగలేదు.

ఓ రోజు ఆ గ్రూపులో వీడియో వచ్చింది. బస్తీలో బేకరీ నడిపే యాకూబ్ తన రొట్టెల్లో ఏదో కలుపుతున్నాడట. జీవన్ దాన్ని బస్తీ అంతా పంపాడు. సాయంత్రానికి పదిమంది కర్రలతో వచ్చి బేకరీ అద్దాలు పగలగొట్టారు, షట్టర్ వంచేశారు. అడ్డం వెళ్లిన యాకూబ్ చెయ్యి విరిగింది. ఇరవై ఏళ్లుగా అక్కడే బన్నులు కొంటున్న సత్తమ్మ తలుపేసుకుని కూర్చుంది.

వీడియో వేరే ఊరిదని, పాతదని తర్వాత తేలింది. జీవన్ ఆ సంగతి గ్రూపులో పెడితే "ఎక్కడిదైతే ఏంది?" అని నవ్వారు. అప్పటికే యాకూబ్ చేతికట్టు చూసిన జీవన్‌కు ఆ నవ్వు మింగుడుపడలేదు. మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు తల్లికి అంతా చెప్పాడు.

"నాకు జెప్తే ఏమొస్తది బిడ్డా? జెప్పాల్సినోళ్లకు జెప్పు. తలుపేస్కున్నందుకు నేను గూడ జెప్పుకోవాలె."

ఆదివారం కమ్యూనిటీ హాల్లో బస్తీ మీటింగ్. అందరి ముందు జీవన్ లేచాడు.

"ఆ వీడియో పంపింది నేనే. నిజమా, కాదా అని సూడలే. పోలీస్ స్టేషన్ల గూడ గిదే జెప్పిన."

హాలంతా గోల. "మనోళ్ల ఇజ్జత్ తీస్తున్నవ్, కూసో!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జీవన్ కూర్చోలేదు. సత్తమ్మ వెళ్లి కొడుకు పక్కన నిలబడింది.

"నేను గూడ తప్పు జేసిన యాకూబ్. దెబ్బలు పడుతుంటే ఇంట్ల కూసున్న."

ముందు వరసలో ఉన్న యాకూబ్ చేతికట్టుతోనే లేచాడు.

"మాఫీ అంటే నోటితోని అయిపోదు అక్కా. జర టైం వడ్తది." తర్వాత జీవన్ వైపు తిరిగాడు. "షట్టర్ లేస్తలేదు. రేపు పొద్దుగాల రా."

జీవన్ రెండు రోజులు కూర్చుని ఆ షట్టర్ సాపు చేశాడు. దారిన పోయేవాళ్లు కొందరు తిట్టారు, కొందరు ఆగి చెయ్యేశారు.

వారానికి పక్క వీధి తారామణి సత్తమ్మ ఇంటికి వచ్చింది. అద్దాలు పగలగొట్టినవాళ్లలో ఆమె కొడుకు నరేన్ కూడా ఉన్నాడు.

"అక్కా, మావోడు ఇంకా గా గ్రూపులనే ఉన్నడు. నా మాట ఇంటలేడు. మీ జీవన్ వచ్చి ఒక్కసారి మాట్లాడ్తడా?"

సత్తమ్మ కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది.

"వస్తడు. నా కొడుకు తప్పకుండ వస్తడు."