అమ్మ నొక్కిన అక్షరాలు

ముందు చ, మధ్యలో ఏదో ఒకటి, ఆ తర్వాత ట, ఇంకేం కావాలి, ఇది తన ముద్దుపేరు కాక మరేమిటి, చిట్టీ అని పిలవడానికే అమ్మ వేలు ఇంత అవస్థ పడుతోంది అనుకుంది ఆమె, ఒళ్లో లాప్‌టాప్ వేడెక్కిపోతోంది, ఎదురుగా కుర్చీలో దిండ్ల మధ్య అమ్మ, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన దగ్గర్నుంచి ఆ టాబ్లెట్టే అమ్మకు నోరు, ఎడమచేతి చూపుడువేలితో నొక్కుతూనే ఉంటుంది, పడేవి అక్షరాలే గానీ మాటలు కావు, కావని తేల్చడానికి డాక్టరెవరు, ఆఫీసులో తను చేసేది ఈ పనే కదా, నాలుగు ఉదాహరణలు ఇస్తే వాటన్నిటికీ సరిపోయే నమూనాను దానంతటదే అల్లే ప్రోగ్రాము, ఎవరెవరి చిరునామాలకో బిల్లు నంబర్లకో అల్లినది అమ్మకు అల్లలేదా, మొదట అమ్మ నొక్కినవన్నీ కలిపి ఇస్తే, ఏ అక్షరమైనా సరే, ఎన్నైనా సరే అని ప్రోగ్రాము చేతులెత్తేసింది, ఆమెకు ఒళ్లు మండింది, అడ్డం పడ్డవాటిని ఒక్కొక్కటే ఏరి పారేస్తూ మళ్లీ మళ్లీ నడిపింది, ఇదిగో ఇప్పటికి దారికొచ్చింది, అన్నయ్యా ఒకసారి ఇలా రా, అమ్మ నన్ను పిలుస్తోంది చూడు.

అమ్మ తిన్న గిన్నె కడుగుతున్న అన్నయ్య తడిచేతులతోనే వచ్చి తెరకేసి చూశాడు, ఇన్నేనా, నిన్న నాకేసి చూస్తూ బోలెడు నొక్కింది, అవెక్కడే అన్నాడు, అవి సరిపోలేదన్నయ్యా, తీసేశాను అంది, ఎవరికి సరిపోలేదు అన్నాడు, కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు, మొన్ననేగా ఆఫీసులో కొత్తగా చేరినావిణ్ని అందరి ముందూ కడిగేసింది తను, నచ్చని ఉదాహరణలు దాచేస్తే నమూనా ఎందుకు రాదమ్మా, నువ్వు ఏది కోరుకుంటే అదే వస్తుంది, ఆమాత్రం తెలియదా అని, పాపం ఆవిడ ముఖం ఎంత చిన్నబోయిందో.

తీసేసినవన్నీ వెనక్కి తెచ్చింది, తెర నిండిపోయింది, ఒకే అక్షరం వరసగా పడ్డవి, ఉత్త ఖాళీలు, అన్నయ్య చెంచాతో తినిపిస్తుంటే నొక్కినవి, నర్సు సూది పొడిచాక నొక్కినవి, కిటికీ కింద ఎవరో పకపకా నవ్వుకుంటూ పోతుంటే నొక్కినవి, నొప్పో సరదానో విసుగో, ఏమీ కాదో, ఏదైనా అమ్మదే, ఈ అమ్మదే, చిట్టీ జడ వేస్తా రావే అని వీధి చివరికి వినపడేలా కేకేసే ఆ అమ్మ కోసం ఈ అమ్మ నొక్కినవన్నీ చెత్తబుట్టలో పోసింది తను, ఏడుపు తన్నుకొచ్చింది, కూతురు ఏడుస్తోందని తెలిసిందో లేదో అమ్మ వేలు మళ్లీ కదిలింది, గ గ గ, ఖాళీ, ప, అందులో తన పేరు లేదు, ఏ పేరూ లేదు, లాప్‌టాప్ పక్కన పెట్టి వెళ్లి అమ్మ కాళ్ల దగ్గర కూలబడింది, ఆ పిలుపు ఇక రాదు, ఎన్నిసార్లు ఏరినా రాదు, పిలవడం చేతకాని ఈమే ఇక తనకు అమ్మ.