తక్కువ పోసిన పిపెట్

నేను ఒక పిపెట్‌ను. నా నెత్తిమీది బొత్తాం నొక్కి వదిలితే, కంటికి సరిగా ఆనని చుక్కను కొలిచి అందిస్తాను. ఫ్యాక్టరీలో నన్ను పరీక్షించి, నమ్మకమైనదాన్నని కాగితం రాసిచ్చారు. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయానికి వచ్చి, చీరాల నుంచి పరిశోధనకు వచ్చిన ఎస్తేరు చేతిలో పడ్డాను.

బ్యాక్టీరియాలో ఒక ఎంజైము జన్యువును చదువుతూ ఆర్‌ఎన్‌ఏ అనే నకలు రాస్తూ పోతుంది. ఎక్కడో ఒకచోట ఆ రాత ఆగాలి కదా. కొన్ని జన్యువుల దగ్గర దాన్ని ఆపేది రో అనే ప్రోటీను. నకలు పోగును పట్టుకుని, దాని వెంటే వెళ్లి ఎంజైమును అందుకుని, పోగును ఊడలాగేస్తుంది. ఇదంతా ఎస్తేరు చిన్న పరీక్ష గొట్టాల్లో జరిపించి చూస్తోంది; వాటిలో ఆ రో చుక్క వేయవలసింది నేను.

ఒకనాడు ఆమె గైడు వకుళ మేడమ్ మోచేయి తగిలి కిందపడ్డాను. పైకి గీత కూడా పడలేదు. మేడమ్ అటూ ఇటూ చూసి, నన్ను తీసి స్టాండులో పెట్టేశారు. లోపల రబ్బరు రింగు చిట్లింది. అప్పట్నుంచీ రెండు మైక్రోలీటర్లని అంకె చూపిస్తూ, అందులో సగం కూడా పీల్చలేకపోయాను.

రో చాలక నకలు ఆగలేదు. "మేడమ్, ఈ జన్యువు రో మాట వినట్లేదండీ!" అంటూ ఎస్తేరు పరిగెత్తింది. మూడుసార్లు చేసింది, మూడుసార్లూ నాతోనే. మేడమ్ సెమినారు పెట్టించారు. "నాన్నా, కొత్తది కనుక్కున్నా" అని ఆమె ఫోనులో చెబుతున్నప్పుడు నేను ఆమె పిడికిట్లోనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సెమినారు ముందురోజు ఎందుకో అనుమానం వచ్చి, నాతో నీళ్లు పీల్చి తూచింది. మళ్లీ తూచింది. రెండుసార్లూ సగం కూడా తూగలేదు. నన్ను సొరుగులో పడేసి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. మర్నాడు నన్ను పట్టుకునే హాల్లో నిలబడింది.

"నా ఫలితం తప్పండి. ఈ పిపెట్ సరిగా కొలవట్లేదు. ముందే చూసుకోకపోవడం నా పొరపాటు."

ముందు వరుసలో వకుళ మేడమ్ లేచారు. "పొరపాటు ఆమెది కాదు. దాన్ని కింద పడేసింది నేను. చిన్న విషయమేలే అని చెప్పలేదు." తలెత్తకుండానే కూర్చున్నారు.

తర్వాతి వారం ఎస్తేరు కొత్త పిపెట్‌తో రో వేసింది. నకలు ఆగవలసిన చోటే ఆగింది. కొత్తదేమీ లేదని నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకుంది. తర్వాత నన్ను చేతిలోకి తీసుకుంది. పారేస్తుందనుకున్నాను. మెత్తని గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది.

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.